మూత్రశాలల్లో వాసన, గార: పుట్టుక, నివారణ

బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, గనులు, ఆఫీసులు, సినిమా హాళ్లలో పదిమందీ వాడే మూత్రశాలల్లో కళ్లు మండించే వాసన, పింగాణీ మీద పసుపు, గోధుమ రంగుల్లో పేరుకునే గార అందరికీ తెలిసినవే. నిర్వహణ ఖాతాల్లో ఇవి రెండు పద్దులు. వాసనకు ఫినాయిలు, గారకు యాసిడ్ కొంటారు. కానీ రెండింటికీ మూలం ఒకటే. మూత్రంలోని యూరియా విరిగినప్పుడు గాలిలోకి లేచేది అమ్మోనియా, అదే చర్య వల్ల అడుగున గట్టిపడేది గార. గారను ఉంచి వాసనను పోగొట్టడం సాధ్యం కాదు.

ఈ సమస్య ముదరడానికి కావలసినవన్నీ ఒకేచోట కలిసిన ఊళ్లలో మంచిర్యాల జిల్లా నస్పూర్ ఒకటి. గోదావరికి ఉత్తరాన, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనుల నడుమ ఉన్న ఈ ఊరు 2018లో పురపాలక సంఘమైంది, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసింది. జిల్లా సమీకృత కలెక్టరేట్ 2023 నుంచి ఇక్కడే ఉంది. గనుల్లో షిఫ్టు మారే వేళ కొద్ది నిమిషాల్లో వందల మంది మూత్రశాలకు వస్తారు, తర్వాత గంటల పాటు అటు ఎవరూ రారు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఫ్లష్ ట్యాంకుల్లోకి చాలాచోట్ల వచ్చేది బోరు నీళ్లే. రద్దీ, విరామం, వేడి, కఠినమైన నీళ్లు: గార పెరగడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

వాసన ఎలా పుడుతుంది

అప్పుడే పోసిన మూత్రానికి ఘాటైన వాసన ఉండదు. అందులో నూటికి 95 పాళ్లు నీళ్లే. మిగతా దాంట్లో ముఖ్యమైనది యూరియా. పెద్దవాళ్ల శరీరం రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల యూరియాను బయటికి పంపుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త హిలేర్ రూయెల్ 1773లో దీన్ని మూత్రం నుంచి వేరుచేశాడు. 1828లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ వోలర్ ప్రయోగశాలలోనే తయారుచేసి చూపించాడు.

యూరియా తనంత తానుగా విరగదు. ఉట్టి నీళ్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. దాన్ని విరగ్గొట్టేది యూరియేజ్ అనే ఎంజైము. మట్టిలోనూ మురికిలోనూ మనుషుల ఒంటిమీదా ఉండే అనేక బాక్టీరియాలు దీన్ని తయారుచేస్తాయి. 1926లో అమెరికాకు చెందిన జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. స్ఫటిక రూపంలో దొరికిన మొదటి ఎంజైము ఇదే. దీనికి ఆయనకు 1946 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఒక యూరియా అణువు నీటితో కలిసి విరిగితే రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు వస్తాయి. నస్పూర్‌కు గోదావరి అవతల రామగుండం ఎరువుల కర్మాగారంలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కర్మాగారం అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ ఒత్తిడిలో కలిపి ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యంతో కట్టినది. ఒక ఒడ్డున పెద్ద పెద్ద కంప్రెసర్లు పెట్టి చేసే పనిని రెండో ఒడ్డున కంటికి కనబడని బాక్టీరియాలు పైసా ఖర్చు లేకుండా చెడగొడుతున్నాయన్నమాట.

అమ్మోనియా పుట్టగానే మూత్రం క్షార గుణానికి మారుతుంది. ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె పీహెచ్ తాజాగా ఉన్నప్పుడు సుమారు 6. నిల్వ ఉన్నకొద్దీ 9 వరకు ఎగబాకుతుంది. వాసన తీవ్రత అంతా ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర ద్రవంలోని అమ్మోనియాలో వాయువుగా లేచిపోగల భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 9కి చేరితే అది మూడో వంతు దాటుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. వేసవి మధ్యాహ్నం మూత్రశాల గుమ్మం దగ్గరే ముక్కు మూసుకోవలసి రావడానికి కారణం ఇది. అమ్మోనియాకు తోడు గంధకం ఉన్న వాయువులు, అమైన్లు కూడా వాసనలో పాలుపంచుకుంటాయి. కానీ కళ్లలో నీళ్లు తిరిగేంత మంట మాత్రం అమ్మోనియాదే.

గార ఎలా కడుతుంది

మూత్రంలో ఫాస్ఫేటు, కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. పీహెచ్ పెరగగానే ఇవి కరిగి ఉండలేక ఘనపదార్థాలుగా దిగిపోతాయి. ప్రధానంగా మూడు రకాల లవణాలు గారగా కడతాయి. మొదటిది మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసిన స్ట్రూవైట్. రెండోది ఎముకల్లో ఉండే జాతికే చెందిన కాల్షియం ఫాస్ఫేటు. మూడోది సున్నపురాయి పదార్థమైన కాల్షియం కార్బొనేటు. మూత్రంలోని రంగు పదార్థాలు వీటికి అంటుకుని పసుపు, గోధుమ ఛాయలు తెస్తాయి.

స్ట్రూవైట్ మొదట 1845లో జర్మనీలోని హాంబుర్గ్‌లో వెలుగు చూసింది. అగ్నిప్రమాదంలో కాలిపోయిన సెయింట్ నికొలాయ్ చర్చిని తిరిగి కట్టడానికి పునాదులు తవ్వుతుంటే ఈ స్ఫటికాలు బయటపడ్డాయి. యూరియేజ్ ఉన్న బాక్టీరియా మూత్రనాళంలో చేరితే కిడ్నీల్లో ఏర్పడే ఒక రకం రాళ్లు కూడా స్ట్రూవైటే. డాక్టరు స్కానింగులో చూసే రాయి, పారిశుద్ధ్య కార్మికుడు గిన్నె కింది వంపు పైపు, అంటే ట్రాపులోంచి గీకి తీసే పెచ్చు ఒకే చర్యకు పుట్టినవి.

ఇక్కడ ఫ్లష్ నీళ్ల పాత్ర గమనించదగ్గది. మూత్రంలో ఫాస్ఫేటు పుష్కలం. గార కట్టడానికి తక్కువ పడేవి కాల్షియం, మెగ్నీషియం. ఆ లోటును ఈ రెండూ ఎక్కువగా కరిగి ఉండే కఠిన జలం తీరుస్తుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఉత్తర తెలంగాణ బోర్లలో కఠిన జలం మామూలే. గీజర్ కాయిల్ మీద తెల్లగా సున్నం పట్టే ఇంట్లో మూత్రశాలకు ఏం పడుతుందో ఊహించవచ్చు. కాబట్టి కొద్ది కొద్దిగా బోరు నీళ్లు వదిలే ఫ్లష్ రెండు రకాలా చేటు. మూత్రాన్ని పూర్తిగా కడిగేయదు, పైగా కొత్త కాల్షియాన్ని తెచ్చి ఇస్తుంది. నదీజలం దొరికే చోట తాగడానికి మాత్రమే వాడి ఫ్లష్‌కు బోరు కలుపుతారు. నీటి పొదుపు కోణంలో అది సరైనదే అయినా గారపట్టిన పైపులు మార్చే ఖర్చును ఆ లెక్కలో ఎవరూ వేయరు.

గార పైకి రాయిలా కనబడినా లోపలంతా సన్నని రంధ్రాలే. ఆ రంధ్రాల్లో మూత్రం ఇంకుతుంది, బాక్టీరియా జిగురుపొర కట్టుకుని కూర్చుంటుంది. పైపైన నీళ్లు పోసినా ఫినాయిలు చల్లినా లోపలి కాపురానికి తగిలేది తక్కువ. తర్వాత వచ్చే మూత్రం తాజాగా ఉన్నా గారను తాకిన వెంటనే యూరియేజ్ చేతికి చిక్కుతుంది. కొత్తగా బిగించిన మూత్రశాల నెలల తరబడి బాగానే ఉండి, ఒకసారి గార మొదలయ్యాక ఎంత కడిగినా వాసన ఆగకపోవడానికి కారణం ఇదే.

వాసన వచ్చే చోట్లు

కంటికి కనబడే పింగాణీ గిన్నె నిజానికి అంతగా దోషి కాదు. మొదటి అనుమానితుడు నేల. మూత్రశాల కింద, నిలబడే చోట చుక్కలు పడి టైళ్ల మధ్య సిమెంటు అతుకుల్లో ఇంకుతాయి. రోజంతా పడిన చుక్కలు రాత్రికి అమ్మోనియాగా మారతాయి. షాబాదు బండలు, మొజాయిక్ పరిచిన పాత కట్టడాల్లో ఇది మరీ ఎక్కువ. చిమ్మడం తగ్గించాలని 1990ల్లో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో గిన్నె లోపల ఈగ బొమ్మ ముద్రించారు. మగవాళ్లు గురిపెట్టడానికి ఏదో ఒకటి దొరికితే చాలని తేలింది. మన దగ్గర గోడల మీద దేవుళ్ల బొమ్మల టైళ్లు అతికించడం ఈ కోవలోకి రాదు, అది అసలు పోయనివ్వకుండా చేసే ఉపాయం.

రెండోది ట్రాపు. మురుగు పైపులోని గాలి గదిలోకి రాకుండా ట్రాపు వంపులో నీళ్లు నిలిచి ఉంటాయి. ఈ నీటి సీలు సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. సెలవుల్లో, ఎండల్లో వాడకం లేక ఆ నీళ్లు ఆవిరైతే డ్రైనేజీలోని హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసనతో నేరుగా గదిలోకి వస్తుంది. నేలలోని నహానీ ట్రాపు ఎండిపోయిందన్న సంగతి చాలామందికి తట్టదు. మూత్రశాల గిన్నెలన్నీ తళతళలాడుతూ గది కంపు కొడుతుంటే మొదట ఒక బకెట్ నీళ్లు నహానీ ట్రాపులో పోసి చూడాలి.

మూడోది పైపు. గిన్నె నుంచి గోడలోకి పోయే అడ్డం పైపులో వాలు చాలకపోతే మూత్రం నిలుస్తుంది. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు మంచిది. చిన్న పైపు, ఎక్కువ వంపులు, తక్కువ వాలు కలిస్తే లోపల గార వలయాలుగా పెరిగి దారి మూసుకుపోతుంది. ఆ దశలో యాసిడ్ పోయడం కంటే పైపు విప్పి మార్చడమే చవక.

వాడే మందులు, వాటి నిజాలు

ఫినాయిలు మన మూత్రశాలల అధికారిక పరిమళం. నల్ల ఫినాయిలు బొగ్గు తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలతో తయారవుతుంది. తెల్లది ఎక్కువగా పైన్ నూనెతో. నస్పూర్ వాళ్లు రోజూ పలికే సీసీసీ అనే పేరు, బొగ్గును తక్కువ వేడిలో కాల్చి పొగరాని ఇంధనం, తారు తీయడానికి ఒకప్పుడు అక్కడ పెట్టిన కోల్ కెమికల్ కాంప్లెక్స్‌ది. బొగ్గు తారుకు, మరుగుదొడ్డికి ఉన్న ఈ చుట్టరికం సంగతి అలా ఉంచితే, ఫినాయిలు చేసే పని పరిమితం. నేలమీది క్రిములను కొంత చంపుతుంది, తన వాసనతో అమ్మోనియాను కప్పుతుంది. గారను రవ్వంత కూడా కరిగించదు.

కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, ఇదే వంశం. అది కూడా బొగ్గు తారు నుంచి వచ్చేదే. గిన్నెలో వేసిన ఉండ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరై వాసన పరుస్తుంది. రంగురంగుల బిళ్లల్లో కొన్నింటిలో పారా డైక్లోరోబెంజీన్ ఉంటుంది. ఈ రెండు పదార్థాలనూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. నాఫ్తలీన్ జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. గాలి ఆడని గదిలో ఉండల మీద ఉండలు వేసుకుంటూ పోవడం శుభ్రత కిందికి రాదు. ఉండలు జాలీకి అడ్డంపడి మూత్రం నిలిచేలా చేస్తే ఉన్న సమస్య ఇంకా పెరుగుతుంది.

బ్లీచింగ్ పౌడరు వాడకం మరీ అపార్థాల పుట్ట. మంత్రిగారు వస్తున్నారంటే దారి పొడవునా సున్నం, బ్లీచింగ్ చల్లడం మన పురపాలక ఆచారం. క్రిములను చంపడంలో దాని శక్తి నిజమే. కానీ బ్లీచింగ్ పౌడరు కాల్షియం సమ్మేళనం, పైగా క్షారం. గార కట్టడానికి కావలసిన కాల్షియాన్ని, పీహెచ్‌ను మనమే పొట్లం కట్టి అందిస్తున్నట్టు. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు అనే వాయువులు పుట్టి కళ్లు, గొంతు మండుతాయి. బ్లీచింగ్ చల్లిన చోటే యాసిడ్ పోస్తే విషపూరితమైన క్లోరిన్ వెలువడుతుంది. ఇరుకు గదిలో తలుపు వేసుకుని కడిగే కార్మికుడికి ఇది ప్రాణాంతకం కావచ్చు. ఈ ఒక్క జాగ్రత్తను ప్రతి మూత్రశాల స్టోరు గది తలుపు మీదా తెలుగులో రాసి ఉంచాలి.

గారను నిజంగా కరిగించేవి ఆమ్లాలే. బజారులో యాసిడ్ పేరుతో దొరికేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సీసాల్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావరకు దాదాపు 10 శాతం ఇదే ఉంటుంది. పని త్వరగా అవుతుంది. అయితే ఘాటైన యాసిడ్ టైళ్ల అతుకుల సిమెంటును, షాబాదు బండను, స్టీలు గిన్నెలను, ఇత్తడి బిగింపులను కూడా తింటుంది. అతుకులు తిన్నాక ఆ గుంటల్లో మూత్రం మరింత ఇంకుతుంది. ఏటా రెండుసార్లు గట్టి యాసిడ్‌తో కడిగించిన మూత్రశాలలు కడగనివాటికంటే ఎక్కువ కంపుకొట్టడం వెనుక కథ ఇది. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన ఆదేశాల తర్వాత విడిగా యాసిడ్ అమ్మకానికి కొన్నవారి గుర్తింపు, రిజిస్టరు తప్పనిసరి. సంస్థలు దాన్ని తాళం వేసి ఉంచి లెక్క రాయాలి.

వీటికంటే మెత్తనివి సిట్రిక్ ఆమ్లం, సల్ఫామిక్ ఆమ్లం. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో దొరికేది సిట్రిక్ ఆమ్లమే. స్ట్రూవైట్‌నూ కార్బొనేటునూ ఇది బాగానే కరిగిస్తుంది, ఆవిర్లు రావు. సిమెంటు అతుకుల మీద ఎక్కువసేపు ఉంచకూడదన్న జాగ్రత్త దీనికీ ఉంది. పీహెచ్ తగ్గించడం వల్ల ఆమ్లానికి ఇంకో లాభం ఉంది. వాయువుగా లేవబోయే అమ్మోనియా మళ్లీ ద్రవంలో అమ్మోనియంగా కట్టుబడుతుంది. అంటే గార కరగడం మొదలుకాకముందే వాసన తగ్గుతుంది.

ఈ మధ్య బాక్టీరియా, ఎంజైములు ఉన్న జీవ ద్రావణాలు, బిళ్లలు వస్తున్నాయి. వీటిలోని బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు జిగురుపొరలోని సేంద్రియ పదార్థాన్ని తింటాయి. పాత గారను ఇవి కరిగించలేవు, కొత్తది నెమ్మదించేలా మాత్రం చేస్తాయి. రోజూ వీటిని వేసి, పొద్దున్నే అలవాటుకొద్దీ ఫినాయిలు కూడా పోస్తే కొన్న జీవాలను మనమే చంపుకున్నట్టు.

కడిగే పద్ధతి

పాత గారను తీయడానికి ముందు ట్రాపులోని నీళ్లను తోడేయాలి. లేకపోతే పోసిన ఆమ్లం పలుచబడి సగం పని కూడా చేయదు. గోరువెచ్చని నీళ్లలో పదో వంతు బరువు నిమ్మ ఉప్పు గానీ సల్ఫామిక్ ఆమ్లం గానీ కలిపి గిన్నె అంచుల కింద, జాలీ చుట్టూ, ట్రాపు లోపల తగిలేలా పోసి అరగంట వదలాలి. కార్బొనేటు ఉన్నచోట బుడగలు వస్తాయి. తర్వాత నైలాను బ్రష్షుతో రుద్ది నీళ్లు ధారాళంగా పోయాలి. ముదిరిన గారకు ఇది మూడు నాలుగు రోజులు వరసగా చేయవలసి వస్తుంది. ఇనుప చువ్వతో, ఇసుక కాగితంతో గీకితే పని తొందరగా అయినట్టు కనిపిస్తుంది గానీ పింగాణీ నునుపు పోతుంది, గీతల్లో కొత్త గార వేళ్లూనుకుంటుంది. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, తెరిచిన తలుపు తప్పనిసరి.

ఒకసారి పాత గార పోయాక వారానికి ఒకసారి పలుచని ఆమ్లం, రోజూ సబ్బునీళ్లతో గిన్నె, నేల, గోడ అడుగు భాగం కడగడం సరిపోతుంది. రద్దీని బట్టి ఈ లెక్క మారుతుంది. గని మూత్రశాలలో షిఫ్టు మారిన వెంటనే, అంటే రోజుకు మూడుసార్లు, నీళ్లతో కడిగితే యూరియా విరిగే సమయమే దొరకదు. అదే కడుగుడు పొద్దున్న ఒకేసారి పెట్టుకుంటే మిగతా రెండు షిఫ్టుల మూత్రం మర్నాటి దాకా నిలిచి ఉంటుంది. మందు ఏదన్నదానికంటే వేళ ఏదన్నది ముఖ్యం అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నీళ్లు లేని మూత్రశాలలు

నీళ్లు లేకుండా మూత్రశాల నడపాలన్న ఆలోచన పాతదే. 1880ల్లో వియన్నాలో విల్‌హెల్మ్ బీట్జ్ నూనె పూసిన గోడలు, నూనె సీలు ఉన్న మూత్రశాలలు పెట్టాడు. మూత్రం కంటే తేలికైన నూనె పైన తేలుతూ వాసనను ఆపుతుంది. మార్చగల గుళిక (కార్ట్రిడ్జ్) బిగించే నేటి రకాల్లో చాలావరకు ఇదే సూత్రం. మరికొన్నింటిలో రబ్బరు నాలుక తెరుచుకుని మూసుకుంటుంది. ఢిల్లీ ఐఐటీలో ఆచార్యుడు విజయరాఘవన్ చారియార్ బృందం నుంచి వచ్చిన జెరోడార్ మార్చాల్సిన గుళికలు, రసాయనాలు అక్కర్లేని యాంత్రిక ట్రాపు.

పొదుపు చిన్నదేమీ కాదు. ఒక ఫ్లష్‌కు 3 లీటర్లనుకున్నా రోజుకు వంద మంది వాడే గిన్నెకు ఏడాదికి లక్ష లీటర్లు దాటుతుంది. కఠిన జలం రాదు కాబట్టి బోరు కాల్షియం వల్ల కట్టే గార కూడా ఉండదు. కానీ మూత్రంలోనే ఉన్న లవణాలు చాలు పైపులో ముద్దలా పేరుకోవడానికి. వాటిని అప్పుడప్పుడు బకెట్ నీళ్లతో తోయాలి. అలా తోసేటప్పుడు గుళిక తీయకపోతే నూనె సీలు కొట్టుకుపోతుంది. రాగి పైపులు అమ్మోనియాకు తినుకుపోతాయి. ఈ సంగతులు తెలియని కాంట్రాక్టరు చేతిలో నీళ్లు లేని మూత్రశాల ఏడాది తిరక్కుండానే మూతపడుతుంది, నింద మాత్రం సాంకేతికత మీద పడుతుంది.

చట్టం, నిర్వహణ

2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 20వ సెక్షను ప్రతి గనిలో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా చాలినన్ని మరుగుదొడ్లు, మూత్రశాలలు ఉండాలని, వాటికి వెలుతురు, గాలి ఉండాలని, ఎల్లవేళలా శుభ్రంగా ఉంచాలని చెప్పింది. ఫ్యాక్టరీలకు, అదీ 2025 దాకా అమల్లో ఉన్న, 1948 చట్టంలో ఇలాంటి నిబంధనే ఉండేది. పట్టణాల్లో బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ డబ్బు చెల్లించి వాడే పద్ధతిని 1974లో పాట్నాలో మొదలుపెట్టింది. కొంత రుసుము తీసుకుని మనిషిని కూర్చోబెట్టినందువల్లనే అవి మిగతావాటికంటే నయంగా ఉన్నాయి. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్, 2020లో తెలంగాణ పట్టణ ప్రగతి ఊళ్లలో కొత్త మరుగుదొడ్లు కట్టించాయి. పట్టణ ప్రగతి వెయ్యి మందికి ఒకటి లక్ష్యంగా పెట్టుకుంది, సగం ఆడవాళ్లకని చెప్పింది. లెక్కపెట్టడానికి గదులు సులువు, కడిగిన వేళలు కష్టం. మూత్రశాలల సాంకేతిక చర్చ అంతా మగవాళ్ల గిన్నెల చుట్టూ తిరగడం ఈ రంగం మొత్తానికీ ఉన్న లోపం. ఈ వ్యాసానికీ ఉంది.

గార నుంచి రాబడి

స్ట్రూవైట్ మంచి ఎరువు. ఫాస్ఫరస్, నత్రజని, మెగ్నీషియం మూడూ ఉంటాయి, నెమ్మదిగా కరుగుతుంది. నేపాల్‌లోని సిద్ధిపూర్‌లో స్విట్జర్లాండ్ జలపరిశోధన సంస్థ ఇవాగ్ తోడ్పాటుతో విడిగా పట్టిన మూత్రంలో మెగ్నీషియం కలిపి స్ట్రూవైట్ తీశారు. అదే సంస్థ పరిశోధనల నుంచి వచ్చిన ఔరిన్ అనే ద్రవ ఎరువుకు స్విస్ ప్రభుత్వం 2018లో అన్ని పంటలకు అనుమతి ఇచ్చింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మూత్రం, ఇసుక, యూరియేజ్ బాక్టీరియాతో ఇటుక తయారుచేశారు. ఇసుక రేణువులను అతికించింది మన పైపుల్లో కట్టే కాల్షియం కార్బొనేటే.

2025 వానాకాలంలో యూరియా బస్తాల కోసం తెలంగాణ రైతులు చెప్పులు వరసలో పెట్టి క్యూ కట్టారు. కాబట్టి మూత్రం నుంచి ఎరువు ఎంత వస్తుందో లెక్క వేసి చూడాలనిపించడం సహజం. నేపాల్ అనుభవంలో కిలో స్ట్రూవైట్‌కు సుమారు 500 లీటర్ల మూత్రం పట్టింది. ఒకరు ఒకసారి పోసేది పావు లీటరు నుంచి అర లీటరు. అంటే వెయ్యి నుంచి రెండు వేల మంది వచ్చిపోతే కిలో. గనుల్లో షిఫ్టులకు అంతమంది దొరకడం కష్టం కాదు. మూత్రాన్ని మురుగులో కలవకుండా విడిగా పట్టే పైపులు, ట్యాంకు మాత్రం భవనం కట్టేటప్పుడే వేసుకోవాలి. కట్టిన తర్వాత గోడలు పగలగొట్టి వేయాలంటే వచ్చే ఎరువు విలువ ఆ మేస్త్రీ కూలికి కూడా సరిపోదు.